కరెంటు బిల్లు మోసాలు – మన కర్తవ్యం

విద్యుచ్ఛక్తి నేటి జీవితానికి ఊపిరి వంటిది. దర్జీ కుట్టుమిషను, మంచినీటి మోటారు, పరీక్షల ముందు విద్యార్థి చదువు – అన్నీ దానిపైనే ఆధారపడి ఉన్నవి. కనుకనే "కరెంటు తీసివేస్తాము" అన్న మాట వినగానే ఏ గృహస్థుకైనా గుండె ఝల్లుమంటుంది. ఈ భయాన్నే పెట్టుబడిగా చేసుకొన్న వంచన ఒకటి 2022 నాటికే దేశమంతటా వ్యాపించింది. దాని తీరు తెలుసుకొనడం మనకు అత్యవసరం.

సాయంకాలం సెల్‌ఫోనుకు ఒక సందేశం వస్తుంది. గత నెల బిల్లు నమోదు కానందున ఈ రాత్రి తొమ్మిదిన్నరకు కనెక్షను తొలగిస్తామనీ, వెంటనే ఫలానా అధికారితో మాట్లాడవలెననీ దాని సారాంశం. అందులో సాధారణంగా సర్వీసు నంబరు ఉండదు, బకాయి మొత్తం ఉండదు. పంపినవానికి అవి తెలియవు గనుక. రాత్రివేళను ఎంచుకొనడంలోనూ ఒక యుక్తి ఉన్నది. అప్పటికి కార్యాలయాలు మూసివేస్తారు. విచారించడానికి ఆ నంబరు తప్ప మరొక దారి లేదని మనకు తోస్తుంది.

ఫోను చేసినవానితో అవతలి వ్యక్తి మర్యాదగానే మాట్లాడుతాడు. "మీరు బిల్లు కట్టారు, కాని కంప్యూటరులో ఎక్కలేదు" అంటాడు. సరిచేయడానికి ఒక యాప్ పెట్టుకొని పది రూపాయలు చెల్లించమంటాడు. ఆ యాప్ మన ఫోను తెరను అతనికి చూపే సాధనం. మనం నొక్కే కార్డు నంబరు, వచ్చే ఓటీపీ అతని కంటబడతాయి. పోయేది పది రూపాయలు కాదు, ఖాతాలోని సొమ్ము. ఇటువంటి యాప్‌ల విషయమై రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది.

ఈ మోసానికి ఆయుధం తొందర. దానికి విరుగుడు చట్టంలోనే ఉన్నది. 2003 నాటి విద్యుత్ చట్టం 56వ సెక్షను ప్రకారం, బకాయి ఉన్నప్పటికీ, కనీసం 15 పూర్తి దినాల వ్యవధితో లిఖితపూర్వకమైన నోటీసు ఇవ్వకుండా సరఫరా నిలుపరాదు. కనుక "ఈ రాత్రికే" అన్న మాటే ఆ సందేశం అబద్ధమనడానికి మొదటి సాక్ష్యం.

అయితే పంపిణీ సంస్థలు కూడ బిల్లు వివరాలను సందేశాలుగా పంపుతాయి. మరి నిజమేదో తెలిసేదెట్లు? సందేశంలోని నంబరుకు ఫోను చేయరాదు, లింకును తాకరాదు. చేతిలోని పాత బిల్లు తీసి, దానిపైని సర్వీసు నంబరుతో సంస్థవారి స్వంత వెబ్‌సైటులోగాని, 1912 నంబరుకు ఫోను చేసిగాని, మరునాడు సెక్షను ఆఫీసులోగాని విచారించవలెను. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే గాని పుచ్చుకొనడానికి అక్కరలేదని మరువరాదు.

సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచరాదు. తక్షణమే బ్యాంకుకూ, 1930 నంబరుకూ తెలుపవలెను. రహస్య వివరాలు మనమే ఇచ్చినందువలన కలిగిన నష్టం, బ్యాంకుకు తెలిపేవరకు మనదే. తెలిపిన పిదప జరిగే నష్టం బ్యాంకుది. ఇది రిజర్వు బ్యాంకు 2017లో నిర్దేశించిన సూత్రం. కనుక దొంగ ముందు తొందరపడరాదు. దొంగతనం జరిగిన పిదప ఆలస్యం చేయరాదు.

విద్యార్థి మిత్రులారా! మన ఇండ్లలో పెద్దలు అనేకులు ఉర్దూ చదువగలరు, తెలుగు చదువగలరు. ఈ సందేశాలు తరచుగా ఆంగ్లంలో వస్తాయి. "ఏమి వ్రాశారో చూడు బాబూ" అని ఫోను మన చేతికే ఇస్తారు. అప్పుడు అర్థం చెప్పి ఊరుకొంటే మనం వంచకుని మాటను ఇంటికి చేరవేసినవారమే అవుతాము. సత్యాసత్యాలు విచారించి చెప్పినప్పుడే మన చదువు ఇంటికి అక్కరకు వచ్చినట్లు.