నదీమార్గంలో నిక్షేపాన్వేషణ

దాచటం, దాచినదానిని వెదకటం మానవునికి అనాదిగా అలవడిన పనులు. మిగులు ధాన్యాన్ని నేలలో గొయ్యి తీసి భద్రపరచే ఆచారం ఒకప్పుడు తెలుగునాట ఉండేది. ఆ గోతిని ‘పాతర’ అన్నారు. లంకెబిందెల కథలు వినని పల్లె లేదు. అంజనం వేసి భూమిలోని నిధిని చూడగలమని నమ్మించి, అమాయకుల సొమ్ము అపహరించినవారికీ కొదవ లేదు. ఫ్రెంచి భాషలో దాచటం అనే అర్థంలో ‘క్యాషే’ అనే క్రియ ఉంది. ఉత్తర అమెరికా అడవులలో జంతుచర్మాల వ్యాపారం చేసిన ఫ్రెంచివారు తిరుగు ప్రయాణంలో అక్కరకు వచ్చే సరకులను దారిలో దాచి పోయేవారు. ఆ దాచిన చోటుకు ‘క్యాష్’ అనే పేరు వచ్చింది. రొక్కం అనే అర్థంలో వాడే ఆంగ్లపదం వేరు, ఇది వేరు. 1805లో మిస్సోరి నదికి ఎదురేగిన లూయీస్, క్లార్క్‌ల అన్వేషక బృందం బరువు తగ్గించుకొనటానికి ఒడ్డున ఇటువంటి పాతరలే వేసింది. కనుక ఈ పదానికి నదితో, పడవతో పాతకాలపు పొత్తు ఉన్నదని చెప్పవచ్చు. దానికి ముందు ‘భూమి’ అని అర్థమిచ్చే ‘జియో’ చేరి, 2000 సంవత్సరంలో ‘జియోక్యాషింగ్’ అనే క్రీడకు పేరయింది.

ఈ క్రీడ పుట్టుకకు నిమిత్తమైనది ఒక ప్రభుత్వ నిర్ణయం. అమెరికా రక్షణశాఖ నెలకొల్పిన జి.పి.ఎస్. అనే ఉపగ్రహ వ్యవస్థ నుండి సామాన్యులకు అందే సంకేతాలలో అంతవరకు బుద్ధిపూర్వకంగా కొంత దోషాన్ని కలిపి ప్రసారం చేసేవారు. అందువలన పరికరం చూపే చోటుకూ, అసలు చోటుకూ నూరు మీటర్ల వరకు తేడా ఉండేది. అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆదేశంతో 2000 మే 2వ తేదీన ఆ దోషాన్ని తొలగించారు. ఆ మరునాడే ఆరిగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ నగరానికి సమీపాన ఉన్న బీవర్‌క్రీక్ వద్ద డేవ్ ఉల్మర్ అనే కంప్యూటర్ నిపుణుడు ఒక నల్లని బకెట్టును అడవిలో దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. ఆ బకెట్టులో ఒక నోటుపుస్తకం, పెన్సిలు, కొన్ని పుస్తకాలు, ఒక ఉండేలు, ఒక చిక్కుడుగింజల డబ్బా ఉన్నాయి. కనుగొన్నవారు ఒక వస్తువు తీసికొని, మరొకటి ఉంచి, పుస్తకంలో తమ రాకను వ్రాయాలన్నది అతడు పెట్టిన నియమం. మూడు రోజులలో ఇద్దరు వేర్వేరుగా వచ్చి దానిని కనుగొన్నారు. అదే నెలలో మాట్ స్టమ్ అనే వ్యక్తి ఈ క్రీడకు నేటి పేరు సూచించాడు. ఇప్పుడు ప్రపంచమంతటా ఇటువంటి నిక్షేపాలు 30 లక్షలకు పైగా ఉన్నాయి. వాటిలో ధనం ఉండదు. వెదకి వచ్చినవారి పేర్లే వాటి సంపద.

ఈ క్రీడలో చిరునామా అంటే కొన్ని అంకెలు మాత్రమే. అక్షాంశంలో ఒక డిగ్రీని 60 నిమిషాలుగా విభజిస్తారు. ఒక నిమిషం నేలపై సుమారు 1,852 మీటర్ల దూరం. ఆ నిమిషాన్ని మూడు దశాంశ స్థానాల వరకు, అనగా వెయ్యి భాగాలుగా వ్రాస్తారు. చివరి అంకె ఒకటి మారితే చోటు రెండు మీటర్లకు కొంచెం తక్కువగా జరుగుతుంది. జి.పి.ఎస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున పరిభ్రమిస్తూ తమ స్థానాన్ని, కాలాన్ని నిరంతరం ప్రసారం చేస్తుంటాయి. చేతిలోని పరికరం కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలను అందుకొని, అవి చేరటానికి పట్టిన కాలాన్ని బట్టి తానున్న చోటును లెక్కగడుతుంది. సాపేక్షతా సిద్ధాంతాన్ని అనుసరించి ఆ ఉపగ్రహాలలోని గడియారాలు నేలపైని గడియారాలకంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకండ్లు ముందుకు పోతాయి. ఆ స్వల్పమైన తేడాను సరిదిద్దకపోతే ఒక్క రోజులోనే కిలోమీటర్లకొద్దీ పొరపాటు ఏర్పడుతుంది. నిధిని చూపటానికి అంజనం చేయలేని పనిని ఐన్‌స్టీన్ చేసిపెట్టాడన్నమాట! భారతదేశం కూడా ‘నావిక్’ అనే సొంత వ్యవస్థకు పూనుకొన్నది. దాని తొలి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుండి నింగికెగసింది.

ప్రతి నిక్షేపానికి రెండు కొలతలు ప్రకటిస్తారు. ఒకటి వెదకటంలోని కష్టం, రెండవది ఆ చోటును చేరటంలోని కష్టం. రెండింటినీ ఒకటి నుండి ఐదు వరకు లెక్కిస్తారు. చేరటంలో ‘ఐదు’ అని ఉంటే పడవ, కొండలెక్కే తాళ్లు వంటి ప్రత్యేక సాధనాలు ఉండాలని అర్థం. జనసంచారం లేని నదీతీరాలలోని నిక్షేపాలు ఈ కోవకు చెందుతాయి. వాటికోసం ఒంటరిగా కాక బృందంగా వెళ్ళటం క్షేమం. అటువంటి యాత్ర ఎలా ఉంటుందో గ్రహించటానికి కొలరాడో నదిపై ఉన్న బ్లాక్ క్యాన్యన్ తగిన ఉదాహరణ.

నెవాడా, ఆరిజోనా రాష్ట్రాల సరిహద్దున 221 మీటర్ల ఎత్తున నిలిచిన హూవర్ ఆనకట్ట పాదం నుండి ఈ లోయ దక్షిణంగా సాగుతుంది. ఇరువైపులా అగ్నిపర్వత శిలలు నిట్టనిలువుగా లేచి ఉంటాయి. పాపికొండల నడుమ గోదావరిని చూచినవారు ఈ దృశ్యాన్ని కొంతవరకు ఊహించగలరు. అయితే అక్కడి పచ్చదనం ఇక్కడ కానరాదు. ఇది ఎడారి. మోడువారిన రాళ్లపై కొమ్ములు తిరిగిన అడవిగొర్రెలు మాత్రం నిర్భయంగా సంచరిస్తుంటాయి. ఆనకట్ట నుండి 48 కిలోమీటర్ల ఈ జలమార్గాన్ని 2014లో జాతీయ జలమార్గంగా గుర్తించారు.

శీతకాలంలో ఈ నదిని పరిశోధింపవచ్చినవారిలో లెఫ్టినెంట్ జోసెఫ్ క్రిస్మస్ ఐవ్స్ ప్రసిద్ధుడు. 1857 డిసెంబరు చివర ‘ఎక్స్‌ప్లోరర్’ అనే ఇనుప ఆవిరిపడవతో అతడు నది ముఖద్వారం నుండి ఎగువకు బయలుదేరాడు. నదిలో పడవలు ఎంతదూరం పోగలవో తేల్చటం అతనికి అప్పగించిన పని. 1858 మార్చిలో బ్లాక్ క్యాన్యన్ ముఖాన నీటిలో దాగిన బండను ఆ పడవ ఢీకొన్నది. ఐవ్స్ చిన్న పడవలో మరికొంత ముందుకు పోయి లోయను చూచి వచ్చాడు. తరువాత మెట్టదారిన గ్రాండ్ క్యాన్యన్ ప్రాంతాన్ని కూడా చూచి, ఈ ప్రయోజనం లేని చోటుకు తమ తరువాత ఎవరూ రాబోరని తన నివేదికలో అభిప్రాయపడ్డాడు. నేడు గ్రాండ్ క్యాన్యన్‌కు ఏటా లక్షలాదిమంది వస్తున్నారు. ఐవ్స్ అంచనా తప్పినా, బ్లాక్ క్యాన్యన్‌లో ఆవిరిపడవలు పడ్డ పాట్లకు గుర్తు ఒకటి మిగిలింది. సుడులు తిరిగే చోట పడవకు తాడు కట్టి ఎగువకు లాగటానికి 1860లలో కొండరాతిలో ఇనుప కడియాలు దిగగొట్టారు. ఆ కడియాన్ని నేటికీ చూడవచ్చు.

ఇక్కడికి శీతకాలంలోనే వెళ్ళటానికి కారణం స్పష్టమే. వేసవిలో ఈ లోయలో ఎండ 43 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుంది. డిసెంబరు, జనవరి మాసాలలో పగటివేళ హాయిగా ఉంటుంది. రద్దీ తక్కువ. అయితే గాలి చల్లబడినట్లు నీరు కొత్తగా చల్లబడదు. మీడ్ జలాశయపు లోతుల నుండి వచ్చే ఈ నీరు ఏడాది పొడవునా దాదాపు ఒకే తీరున, సాధారణంగా 12, 13 డిగ్రీల వద్ద ఉంటుంది. ఎండవేళ పడవ బోల్తాపడినవాడు ఒడ్డు చేరి బట్టలు ఆరబెట్టుకొంటాడు. శీతకాలపు సాయంకాలం అదే ప్రమాదం జరిగితే ఆరబెట్టే ఎండే ఉండదు. చన్నీటిలో పడిన తొలి నిమిషంలో మనిషి తన ప్రమేయం లేకుండానే ఎగశ్వాసతో గుటకలు మ్రింగుతాడు. ఆ క్షణంలో నోటిలోకి నీరు పోకుండా తలను పైన నిలిపేది ఒంటిపైని రక్షణ కవచమే. లైఫ్‌జాకెట్‌ను పడవ అడుగున పెట్టుకొని పోవటం కన్నా ఇంటివద్ద ఉండటం మేలు. తరువాత వ్రేళ్లు మొద్దుబారి తెడ్డును కూడా పట్టుకొనలేవు. అందుకే అనుభవజ్ఞులు పొడిబట్టలను నీరు చొరని సంచిలో వేరుగా కట్టి ఉంచుతారు.

నది మరొక విధంగా కూడా యాత్రికుని పరీక్షిస్తుంది. విద్యుత్తు అవసరాన్ని బట్టి ఆనకట్ట నుండి విడిచే నీరు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఉదయం ఇసుకతిన్నెపై నిలిపిన పడవ కింద సాయంకాలానికి నీరు చేరి, యజమాని లేని వేళ అది కొట్టుకొని పోవచ్చు. అందువలన పడవలను బాగా పైకి లాగి, బండకో చెట్టుకో కట్టటం ఇక్కడ తప్పనిసరి. రాత్రి మకాం వేసినవారు దీనిని మరచిపోతే తెల్లవారి ఎటూ పోలేరు. ఎత్తైన గోడల నడుమ సెల్‌ఫోన్ చాలాచోట్ల పనిచేయదు కనుక కేక వేసినా పలికేది కొండే.

ఇక అంకెల విషయం. విశాలమైన మైదానంలో పరికరం కొద్ది మీటర్ల తేడాతో చోటు చూపగలదు. లోయలో ఆకాశం సన్నని చీలికగా కనిపిస్తుంది. దిక్చక్రానికి సమీపంగా ఉన్న ఉపగ్రహాలు కొండల చాటున పడతాయి. కొన్ని సంకేతాలు గోడలకు తగిలి, చుట్టుదారిన ఆలస్యంగా వచ్చి చేరతాయి. కాంతి 10 నానోసెకండ్లలో మూడు మీటర్లు పోతుంది. అటువంటప్పుడు ఆ ఆలస్యం ఎంత తప్పుదారి పట్టించగలదో ఊహించుకోవచ్చు. నిలుచున్న చోట కదలకుండా నిలుచున్నా తెరపైని గుర్తు అటూ ఇటూ తిరుగుతుంది. ఒక్కొక్కప్పుడు నది నడుమనో, కొండ కడుపులోనో నిక్షేపం ఉన్నట్లు చూపుతుంది. అప్పుడు పరికరాన్ని జేబులో వేసి కళ్లకు పని చెప్పవలసిందే. అంకెలనే నమ్మి జారుడుబండపై మరో మూడడుగులు వేసేవాడు బృందానికి బరువు. వెదకులాటలోని ఉత్సాహం వివేకాన్ని ఎంత సులభంగా మరపిస్తుందో ఇటువంటి చోట్లనే తెలుస్తుంది.

బ్లాక్ క్యాన్యన్ జాతీయ వనాల శాఖ నిర్వహణలోని ప్రాంతం. ఆ శాఖ భూములలో అనుమతి లేనిదే పెట్టెలు దాచరాదు. నేల త్రవ్వటం ఈ క్రీడలో సాధారణంగా నిషిద్ధమే. పెట్టెలకు అనుమతి ఉన్న ఇతర నదీతీరాలలో సైన్యం వాడి విడిచిన తూటాల పెట్టెలను, నీరు చొరకుండా మూత బిగించి, వరద అందని ఎత్తున రాళ్ల చాటున ఉంచుతారు. అనుమతి లేనిచోట ‘ఎర్త్‌క్యాష్’ అనే పద్ధతి ఉపకరిస్తుంది. 2004లో అమెరికా భూవిజ్ఞాన సంఘం దీనికి శ్రీకారం చుట్టింది. ఇందులో పెట్టె ఉండదు. చేరవలసిన చోట భూమియే వ్రాసిన పుస్తకాన్ని చదివి, అడిగిన ప్రశ్నలకు సమాధానాలు పంపాలి. శిల ఏ రంగున ఉన్నది, పొరలు ఎటు వాలినవి, నీరు ఎక్కడ నుండి ఊరుతున్నది వంటి ప్రశ్నలు ఉంటాయి. పాతర వేయకుండానే పాతర కనుగొనే ఈ ఉపాయం ముచ్చటైనది.

ఇటువంటి ప్రశ్నలకు బ్లాక్ క్యాన్యన్‌లో కొరత లేదు. పగుళ్ల గుండా లోతుకు దిగిన నీరు వేడెక్కి, పక్కలోయలలో వేడినీటి బుగ్గలుగా పైకి వస్తుంది. ఆరిజోనా వైపున ఉన్న ఒక బుగ్గను చేరటానికి చిన్న జలపాతం పక్కన సుమారు ఆరు మీటర్ల నిచ్చెన ఎక్కాలి. చలిలో పడవ నడిపి వచ్చినవారికి ఆ నీటిని చూడగానే ప్రాణం లేచివస్తుంది. కాని తల ముంచరాదని, ముక్కులోకి నీరు పోనీయరాదని అక్కడి అధికారులు హెచ్చరిస్తారు. ముక్కు ద్వారా మెదడును చేరి ప్రాణం తీయగల ఒక అమీబా వేడినీటి బుగ్గలలో ఉండే అవకాశముండటమే దానికి కారణం.

బృందంలో వేర్వేరు బాధ్యతలు పంచుకొంటారు. ఒకరు ముందు పడవలో దారి చూస్తారు. నేర్పరి అయిన మరొకరు అందరికంటే వెనుక ఉంటారు. ఆ ఇద్దరి నడుమనే మిగిలిన పడవలన్నీ సాగాలి. ఒకరు కాలం చూడాలి. ఈ లోయలో అది తేలికపని కాదు. శీతకాలంలో నదికి కుడిగట్టున ఉన్న నెవాడాలో నాలుగు గంటలైనప్పుడు ఎడమగట్టున ఉన్న ఆరిజోనాలో ఐదు గంటలవుతుంది. వేసవిలో నెవాడావారు గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు, ఆరిజోనాలో అధికభాగం జరపదు. కనుక ఆ కాలంలో రెండు గట్లకూ ఒకటే సమయం. శీతకాలంలో మాత్రం సంకేతం అందినప్పుడల్లా ఫోన్లు ఏదో ఒక గట్టు సమయాన్ని చూపి కలవరపెడతాయి. నింగిలోని గడియారాలు నానోసెకండ్ల లెక్క తప్పకుండా నడుస్తుంటే, పడవలోని మనుషులు గంట తేడాతో తగవులాడుకొంటారు. అందువలన బయలుదేరేటప్పుడే ఏ గట్టు కాలాన్ని పాటించాలో నిర్ణయించుకొంటారు. డిసెంబరులో నెవాడా కాలమానం ప్రకారం నాలుగున్నరకే సూర్యాస్తమయం. లోయ అడుగున అంతకు ఎంతో ముందుగానే నీడ కమ్ముతుంది. ఆనకట్ట నుండి సుమారు 19 కిలోమీటర్ల దిగువన ఉన్న విల్లో బీచ్ రేవును చేరవలసినవారు దారిలో ఎన్ని ప్రశ్నలు మిగిలిపోయినా, అనుకొన్న సమయానికి పడవలను నీటిలోకి దించాలి.

వెదకినా కనబడనప్పుడు ‘దొరకలేదు’ అని నమోదు చేయటం ఈ క్రీడలో మర్యాద. నీరు పెరిగి తీరపు గుర్తు మునిగిపోయినా, చీకటి పడుతున్నదని నిచ్చెన దగ్గరి నుండే వెనుదిరిగినా ఆ సంగతిని దాచకుండా వ్రాస్తారు. తేదీ, నీటిమట్టం, ఏ గట్టు గడియారం ప్రకారం ఎన్ని గంటలకు వెనుదిరిగినది అందులో ఉంటాయి. అది చదివిన తరువాతి బృందం తన పడవను ఒక గంట ముందుగా నీటిలోకి దించుతుంది.