గాలికి ఎదురు నడిచే ఓడ

మేము పాత కృష్ణా జిల్లా మెట్టవాళ్లం. మెషిన్లు రాకముందు నందిగామ, జగ్గయ్యపేట రైతుకు గాలితో పని పడేది కళ్లంలో, తూర్పారబట్టేటప్పుడు. గింజ కాళ్ల దగ్గర రాలుతుంది, పొల్లు గాలివాటున కొట్టుకుపోతుంది. అందుకేనేమో, తెరచాప ఓడ గాలికి ఎదురు కూడా పోతుందంటే మావాళ్లు ఒక పట్టాన నమ్మరు. "ముక్త్యాల రేవు దాటి ఎరగవు, నీకెవరు చెప్పారోయ్?" అంటారు. రెండు కొయ్యల ఓడను నాణెం మీద ముద్రించిన యజ్ఞశ్రీ శాతకర్ణి ఏలిన సీమ మరి మనది!

కిటుకు సగం తెరచాపలో ఉంది, సగం నీటి అడుగున ఉంది. ఓడ అడుగున వెన్నెముకలా పొడుగునా పోయే భాగాన్ని కీల్ అంటారు. ఏటవాలుగా వచ్చే గాలి తెరచాపను పక్కకు నెడుతుంది; కీల్ పక్కకు జరగనివ్వదు. తడి చింతపిక్కను రెండు వేళ్ల మధ్య నొక్కండి, ముందుకు చివాల్న జారుతుందా లేదా? అదే ఇది. తిన్నగా గాలి ముఖానికి మాత్రం పోలేదు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వంకర టింకరగా పోవాల్సిందే.

ఇక వేగం. నీటిని తాకే పొడవు పెరిగినకొద్దీ వేగం పెరుగుతుంది. ఆ పొడవు 25 అడుగులయితే గంటకు సుమారు 6.7 నాటికల్ మైళ్లు, 100 అడుగులయితే 13.4. పందేల వాళ్లు నిలకడగా ఉన్న ఓడకు నీటిమట్టం దగ్గర కొలత పెడితే, డిజైనర్లు ముక్కునూ తోకనూ నీటిపైన బారుగా సాగదీశారు. గాలికి ఓడ ఒరిగిందంటే ఆ భాగాలూ నీటిని తాకుతాయి, పొడవు పెరుగుతుంది! మన లిప్టన్ టీ పొట్లం మీది సర్ థామస్ లిప్టన్ 1899 నుంచి 1930 వరకు అమెరికా కప్పు కోసం అయిదుసార్లు ఇలాంటి ఓడలు దించి, అయిదుసార్లూ ఓడిపోయాడు.

నాకు మాత్రం ఆ అందగత్తెలకన్నా 'సుహైలీ' మీదే గురి. బొంబాయి కొలాబాలో మన వడ్రంగులు టేకుతో కట్టి 1964లో నీళ్లలోకి దించిన 32 అడుగుల పొట్టి, బరువు ఓడ. నార్వేలో కోలిన్ ఆర్చర్ రూపొందించిన ప్రాణరక్షక పడవల వంశం. రెండు కొసలూ మొనదేలి ఉంటాయి. 1968లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టిరావాలని పందెం పెడితే తొమ్మిదిమంది బయలుదేరారు. తిరిగొచ్చింది రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఒక్కడే, సుహైలీతో, 312 రోజులకు, 1969 ఏప్రిల్ 22న. దారిలో రేడియో మూగబోయింది. దానంతట అదే దారి పట్టించే సరంజామా ఆస్ట్రేలియా దగ్గర విరిగిపోయింది. అయినా తెరచాపలు సరిగా సర్దితే ఓడ తన దారిన తాను పోయింది. పొడుగాటి కీల్ చలవ అది. పొట్టి కీల్ చురుగ్గా తిరుగుతుంది గాని చుక్కాని వదిలితే చాలు, దారి తప్పుతుంది. పొడుగు కీల్ ఇల్లెరిగిన ముసలి ఎద్దులాంటిది.

అలాగని డిజైన్ ఒక్కటే కాపాడుతుందనుకోకండి. సుహైలీ అచ్చులోనే గోవాలో కట్టిన 'తురీయ' మీద అభిలాష్ టామీ 2018లో మళ్లీ అదే పందేనికి వెళ్లాడు. దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను ఓడను తిరగేసింది, కొయ్యలు విరిగాయి, ఆయన నడుము దెబ్బతింది. మూడు రోజులకు ఫ్రెంచి ఓడ వచ్చి రక్షించింది.

ఆ ఏడే మరో ఓడ భూమిని చుట్టి వచ్చింది. ఇది పందెం కాదు, మధ్యలో రేవుల్లో ఆగుతూ చేసిన యాత్ర. 'తారిణి' కూడా గోవాలో కట్టిందే. అందులోని ఆరుగురు నౌకాదళ మహిళల్లో ఇద్దరు మనవాళ్లు: విశాఖ నుంచి పి. స్వాతి, హైదరాబాదు నుంచి ఐశ్వర్య బొడ్డపాటి. చివరి మజిలీలో చుక్కాని సరంజామా చెడింది. మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవులో ఆగి, బాగుచేసుకుని, 254 రోజుల తర్వాత 2018 మే 21న గోవా చేరారు.