దుంగలు ఈడ్చే బండితో మొదటి వారం

కిందటేడు ఫిబ్రవరిలో మా అమ్మాయి పురిటికని నేనూ, మా ఆవిడా అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి వెళ్లాం. పురిటింట్లో ఆడవాళ్లకు క్షణం తీరిక ఉండదు, మగవాళ్లకు క్షణం పని ఉండదు. కిటికీ దగ్గర కూర్చుని మంచు చూస్తున్న నాకు ఒక ఉదయం పక్కింటి ముందు పెద్ద లారీ ఆగడం, దాని మీంచి ఏనుగంత పసుపుపచ్చ యంత్రం ఒకటి దిగడం కనబడింది. ముప్పై ఏళ్ల పైగా గ్రామీణ శాఖల్లో ట్రాక్టర్లకూ, ఆయిల్ ఇంజన్లకూ అప్పులిచ్చినవాణ్ణి. ఊళ్లోకి కొత్త యంత్రం దిగితే చూడకుండా ఉండలేను. కోటు తగిలించుకుని వెళ్లాను.

దాని పేరు లాగ్ స్కిడ్డర్. లాగ్ అంటే దుంగ, స్కిడ్ చేయడమంటే నేల మీద ఈడ్చడం. అడవిలో చెట్టు పడిన చోటికి లారీ వెళ్లలేదు. లారీ ఆగే చోటికే దుంగని ఈడ్చుకురావాలి. మన దేశంలో ఈ పని ఎడ్లు చేశాయి, కేరళలోనూ అస్సాంలోనూ అండమాన్‌లోనూ ఏనుగులు చేశాయి. ఇక్కడ గుర్రాలు చేసేవి. 1960ల్లో నాలుగు పెద్ద చక్రాల స్కిడ్డర్లు వాడుకలోకి వచ్చాక గుర్రాలకు సెలవు దొరికింది. మన పొలాల్లో ఆకుపచ్చ ట్రాక్టర్లతో అందరికీ తెలిసిన జాన్ డీర్ కంపెనీ 1965లో తెచ్చిన 440 మోడల్ ఆ తొలితరం బళ్లలో ఒకటి. మెయిన్‌లో దాదాపు నూటికి తొంభై వంతుల నేల అడవే. అందులోనూ చాలా భాగం ప్రైవేటు వాళ్లది. మనవాళ్లు రెండెకరాల మామిడితోట చూసుకున్నట్టు ఇక్కడ మామూలు మనుషులు తమ అడవి చూసుకుంటారు.

మా పక్కింటాయన బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మేష్టారు. తండ్రి ఇచ్చిపోయిన అరవై ఎకరాల అడవి ఉంది. గాలికి పడిన చెట్లని తనే బయటికి తెచ్చుకుందామని, రిటైర్మెంటు డబ్బుల్లోంచి తీసి సెకండ్ హ్యాండ్ స్కిడ్డర్ కొన్నాడు. అప్పు చేయలేదు. "ఇది మా ఆవిడకు ఇష్టం లేని ఖర్చు" అన్నాడు నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు. అమెరికాలో పనిలో ప్రాణాలు పోయే ప్రమాదం అందరికంటే ఎక్కువగా ఉండే వృత్తుల్లో చెట్లు కొట్టే పని ఏటా ముందు వరసలోనే ఉంటుంది. అందుకే ఆవిడ ఒక షరతు పెట్టింది. యాభై ఏళ్లు అడవిలోనే బతికిన ఒక ముసలాయన వాళ్లకు బాగా తెలుసు. మొదటి వారం ఆయన పక్కన ఉంటేనే బండి కదలాలి. నేనూ వస్తానన్నాను. నాకు ఒక హెల్మెట్, ఒక మొద్దు, ఒక నోటుపుస్తకం ఇచ్చారు. మొద్దు కూర్చోవడానికి. దగ్గరికి రావద్దని చెప్పడానికి కూడా అదే.

మొదటి మూడు రోజులూ ఒక్క దుంగ కూడా కదల్లేదు. ఆ మూడు రోజులే నాకు బాగా నచ్చాయి.

మొదటి రోజంతా కడగడమే. వేడినీళ్లతో బురదా, గ్రీజూ, ఇంజన్ కింద పేరుకున్న ఎండుటాకులూ తీసేశారు. ఆకులు అలాగే ఉంటే ఇంజన్ వేడికి అంటుకుంటాయట. బండి శుభ్రపడ్డాకే ఏ పైపు కారుతోందో, ఎక్కడ పగుళ్లకు వెల్డింగ్ చేసి రంగు పూశారో కనబడింది. మనం పాత ట్రాక్టరు మీద అప్పిచ్చేటప్పుడు చేసే తనిఖీ సరిగ్గా ఇదే. తిరిగిన గంటలు చూపించే మీటరును నమ్మకు, పెడళ్లు ఎంత అరిగాయో చూడు అని నాకు నేర్పిన మేనేజరు గారు గుర్తొచ్చారు. ఇక్కడ మీటరు అసలు పనే చేయడం లేదు. పెడళ్లు మాత్రం అద్దంలా నునుపుదేలి ఉన్నాయి.

రెండో రోజు నూనెల వంతు. ఇంజన్, గేరుబాక్సు, రెండు ఇరుసులు, హైడ్రాలిక్ ట్యాంకు, వించ్ గేర్లు... అన్నీ తీసి కొత్తవి పోశారు. పాత నూనె పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టు, వేలికి ఇసుకలా తగిలితే లోపల లోహం అరుగుతున్నట్టు. ఆ తరువాత గ్రీజు. ఈ బండికి ముందు చక్రాలు విడిగా తిరగవు. నడుములో ఒక కీలు ఉంటుంది. స్టీరింగు తిప్పితే బండి ఆ కీలు దగ్గర చీమలా రెండుగా వంగుతుంది. బరువంతా మోసేది ఆ కీలే కాబట్టి గ్రీజు ఎక్కువ కోరేదీ అదే. కానీ ఇంజన్ తిరుగుతుండగా అక్కడ చేయి పెడితే, ఎవరైనా స్టీరింగు కొంచెం తాకినా చాలు, రెండు ముక్కలూ కత్తెరలా మూసుకుంటాయి. అందుకే ముందు ఇంజన్ ఆపి, కీలుకు అడ్డంగా ఇనుప కడ్డీ వేసి బిగించాలి. పెద్దాయన ఆ కడ్డీ వేశాక తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నాడు. మన క్యాష్ సేఫ్ తాళాలు ఇద్దరి దగ్గర ఉంచుకునే పద్ధతి చెప్పాను. "మంచి బ్యాంకు" అన్నాడు.

బండిని చిన్న ఏటవాలు మీద నిలిపి చూస్తే పార్కింగ్ బ్రేకు ఆగడం లేదు. అంతే, పని ఆగిపోయింది. సామాను తెప్పించి వేసేసరికి మూడో రోజు సాయంత్రమైంది. ఈలోగా ఇనుప తాడు చూశారు. బండి వెనకాల వించ్ అనే డ్రమ్ముకు బొటనవేలు లావు తాడు చుట్టి ఉంటుంది. దాన్నంతా బయటికి లాగి, తోలు చేతితొడుగులతో అంగుళం అంగుళం తడిమారు. తెగిన తీగ ఉంటే తోలుకు గుచ్చుకుని దొరికిపోతుంది. ఒకచోట నలిగి విచ్చుకుంటే అక్కడిదాకా కోసేశారు. డ్రమ్ము మీద ఎప్పుడూ మూడు చుట్లయినా మిగలాలి, బిగువుగా ఉన్న తాడును దాటకూడదు, దాని వరసలో నిలబడకూడదు. ఈ మాటలు నోటుపుస్తకంలో రాసుకుని కింద గీత గీశాను.

నాలుగో రోజు పొద్దున బండి వెనక ఎత్తుగా ఉన్న ఇనుప కమాను చూపించి నేనొక సందేహం అడిగాను. తాడు ఆ కమాను పైనున్న రోలర్ల మధ్య నుంచి వస్తుంది. దుంగ మొదలు అక్కడిదాకా లేచి, చివర నేల మీద ఈడుస్తూ వెళుతుంది. అంత ఎత్తునుంచి లాగితే బండి ముందు లేవదా?

ఆ సందేహం నాకు ఊరికే రాలేదు. గోదావరి జిల్లాలో నేను పనిచేసిన ఒక శాఖలో, గాలివానకు పడిన చింతమాను లాగుతూ ఒక కుర్రాడు పోయాడు. ట్రాక్టరు మా బ్యాంకు అప్పు మీద కొన్నదే, ఆరు వాయిదాలు కట్టారు. గొలుసు కిందనున్న డ్రాబార్‌కి కట్టకుండా, చేతికి అందుతోందని వెనక పైనున్న టాప్ లింకు పిన్నుకు కట్టాడు. మాను కదల్లేదు. చక్రం నేలను పట్టింది. ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడింది. చూసినవాళ్లు రెండు సెకన్లు కూడా పట్టలేదన్నారు. ఇన్సూరెన్స్ కాగితాలకోసం వాళ్లమ్మ శాఖకు వచ్చినప్పుడు "ట్రాక్టరు మంచిదేనా బాబూ?" అని అడిగింది. ట్రాక్టరు మంచిదే. అప్పిచ్చేటప్పుడు నేను కొటేషన్ చూశాను, పొలం పాసు పుస్తకం చూశాను, మార్జిన్ డబ్బు చూశాను. గొలుసు ఎక్కడ కట్టాలో ఎవరైనా చెప్పారా అని అడగలేదు. ఆ ప్రశ్న మన ఫారంలో లేదు.

పెద్దాయన మంచు మీద పుల్లతో గీసి చూపించాడు. ట్రాక్టరు బరువులో ఎక్కువ పాలు వెనక చక్రాల మీద ఉంటుంది, ముందు తేలిక. వెనక ఇరుసుకంటే పైన గొలుసు కట్టి లాగితే ఆ లాగుడే బండిని వెనక్కి ఒరిగిస్తుంది. డ్రాబార్ ఇరుసుకంటే కింద ఉంటుంది కాబట్టి అక్కడ కడితే ఆ పట్టు దొరకదు. స్కిడ్డర్‌ను ఇందుకు ఎదురు పద్ధతిలో కట్టారు. ఇంజనూ, ముందున్న బరువైన బ్లేడూ కలిసి ఖాళీ బండిలో ఎక్కువ బరువు ముందు చక్రాల మీద పడుతుంది. దుంగ వెనక వేలాడినప్పుడు రెండూ సమంగా తూగుతాయి. "అయినా నిటారు ఎక్కుడులో ఇదీ లేస్తుంది" అన్నాడు. "అప్పుడు కాపాడేది ఈ లివరు."

ఆ లివరు వేస్తే వించ్ డ్రమ్ము పట్టు వదిలేస్తుంది. దుంగ నేల మీద పడిపోతుంది, తాడు దానంతట అది విప్పుకుంటుంది, బండి ఒక్కటే ముందుకు పోతుంది. ఈ బండి గొప్పతనమంతా ఈ వదలడంలోనే ఉందట. బురదలో చక్రాలు తిరుగుతుంటే యాక్సిలరేటర్ తొక్కి లాభం లేదు. బరువు వదిలెయ్, గట్టినేల మీదికి నడుపు, బ్లేడు దించి నేలకు ఆనించు, అక్కడినుంచి తాడు చుట్టు, దుంగ నీ దగ్గరికి వస్తుంది. మన ట్రాక్టరుకు గొలుసు కడితే ఈ వీలే లేదు. బిగుసుకున్న గొలుసును సీటు మీంచి ఎవరు విప్పగలరు?

ఆ పూటంతా మేష్టారు ఖాళీ బండినే నడిపాడు. పెద్దాయన "లివర్!" అని అరిచినప్పుడల్లా చూడకుండా చెయ్యి అక్కడికి పోవాలి. మొదట్లో చెయ్యి గేరు మీదికి పోయింది. ఇరవై సార్లయ్యాక నేను లెక్కపెట్టడం మానేశాను. వాలు మీద అడ్డంగా వెళ్లొద్దు, నిలువుగా ఎక్కు, నిలువుగా దిగు. వాలులో నడుము వంచితే బరువు ఒక పక్కకు పోయి బండి పడుతుంది. పడుతున్నా దూకొద్దు, సీటు బెల్టుతో ఆ ఇనుప చట్రం లోపలే ఉండు. దూకినవాడి మీదే బండి పడుతుంది. మన ట్రాక్టర్లలో చాలావాటికి ఆ చట్రమే ఉండదు. ఎండకు కట్టే రేకు కప్పు చట్రం కాదు.

ఐదో రోజు మొదటి దుంగ కదిలింది. స్ప్రూస్ చెట్టు, మన తాటిమానంత లావు. బండిని దుంగకు తిన్నగా వెనక్కి తెచ్చి, బ్లేడు దించి, బ్రేకు వేసి మేష్టారు దిగాడు. తాడు లాక్కెళ్లి దుంగ మొదలుకు చోకర్ వేశాడు. చోకర్ అంటే లాగినకొద్దీ బిగిసే ఉచ్చు. తిరిగి సీటెక్కి, చుట్టూ చూసి, మేమిద్దరం ఎక్కడున్నామో చూసి, అప్పుడు తాడు చుట్టడం మొదలుపెట్టాడు. ఇంకా నాలుగు దుంగలు ఒకేసారి కట్టే వీలుంది. పెద్దాయన ఒక్కటే కట్టనిచ్చాడు. దారి మధ్యలో ఒక వాగు ఒడ్డు ఎక్కుతుంటే ముందు చక్రాలు కొంచెం తేలాయి. నేను మొద్దు మీంచి లేచి నిలబడ్డాను. ఎవరూ అరవకుండానే మేష్టారి చెయ్యి లివర్ మీదికి పోయింది. దుంగ ధబ్బున పడింది, బండి ఒడ్డెక్కి నిలబడి, మళ్లీ తాడు చుట్టుకుంది.

ఆ రోజు మూడు దుంగలు. మధ్యాహ్నం రెండింటికి ఎండకు మంచు మెత్తబడుతుంటే పని ఆపేశారు. గడ్డకట్టిన నేల మీద అయితే ఇంత బరువు బండి కూడా మచ్చ వదలదు. కరిగిన నేల మీద రెండడుగుల గాడి పడి, మిగిలిన చెట్ల వేళ్లు తెగిపోతాయి. మార్చి చివరికి నేలంతా బురదవుతుంది, ఇక అడవి పని బంద్. మేష్టారి దగ్గర ఉన్నవి అయిదారు వారాలు. తొందర ఉండాల్సింది ఆయనకే, లేదు.

ఆ రాత్రి ఊళ్లో మా తమ్ముడికి ఫోన్ చేశాను. మనవరాలి సంగతులు అయ్యాక, మన ట్రాక్టరుతో మొద్దులేమైనా లాగితే గొలుసు ఎక్కడ కడుతున్నారురా అని అడిగాను.

"పైనే అన్నయ్యా, టాప్ లింకు దగ్గర. వంగక్కర్లేదు కదా" అన్నాడు.

డ్రైవరు కుర్రాణ్ణి ఫోన్ దగ్గరికి పిలవమన్నాను.