మీ గ్లోవ్స్‌ని పాడు చేస్తోంది వాన కాదు.. ఆ తర్వాతి ఎండ!

వానాకాలంలో హైదరాబాద్ నుంచి గద్వాలకు బండి మీద వచ్చేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. కొత్తకోట దాకా రోడ్డు పొడిగానే ఉంటుంది. పెబ్బేరు దాటేసరికి మబ్బు కమ్ముకుంటుంది. బీచుపల్లి దగ్గర కృష్ణ బ్రిడ్జి ఎక్కగానే దంచి కొడుతుంది. ఎర్రవల్లి చౌరస్తాలో గద్వాల వైపు తిరిగేసరికి షూ, జీన్స్, లెదర్ గ్లోవ్స్ అన్నీ ముద్దముద్ద. ఇంటికి రాగానే జీన్స్ దండెం మీదకి, గ్లోవ్స్ మేడ మీద ఎండలోకి వెళ్తాయి. సాయంత్రం తీసి చూస్తే గ్లోవ్స్ అప్పడాల్లా బిగుసుకుపోయి ఉంటాయి. 'వానలో తడిచి పాడైపోయాయి' అని వాటిని ఓ మూలన పడేస్తాం.

పాపం, వాన చేసిన తప్పేమీ లేదు. వాటిని పాడు చేసింది మేడ మీది ఎండ!

ముందు నేలను తాకేది చెయ్యే

గ్లోవ్స్ అంటే స్టైల్ అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ బండి మీంచి పడేటప్పుడు ఎవరైనా సరే, ఆలోచించకుండానే చేతులు ముందుకు చాపుతారు. ఆ క్షణంలో మీ అరచేతికీ తారు రోడ్డుకీ మధ్య ఉండేది ఆ తోలు పొర ఒక్కటే. మెత్తగా, సాగే గుణంతో ఉన్న తోలు రాపిడిని బాగా తట్టుకుంటుంది. ఎండి బిగిసిన తోలు మడతల దగ్గర పగులుతుంది, కుట్ల దగ్గర విడిపోతుంది. పడేదాకా కూడా అక్కర్లేదు. బిగుసుకున్న గ్లోవ్స్‌తో బ్రేక్ లివర్ పట్టుకుని చూడండి, వేళ్లు సరిగా మడవవు. మన్ననూరు దాటాక నల్లమల మలుపుల్లో శ్రీశైలం వైపు వెళ్తున్నప్పుడు ఆ అరక్షణం ఆలస్యం కూడా ప్రమాదమే.

అసలు తోలులో ఏం జరుగుతుంది?

తోలంటే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో అల్లుకున్న సన్నని పోగుల గుంపు. ఫ్యాక్టరీలో తోలును శుద్ధి చేశాక ఆ పోగుల మధ్యకు నూనె ఎక్కిస్తారు. ఆ నూనె ఉన్నంతకాలం పోగులు ఒకదాని మీద ఒకటి సులువుగా జారుతుంటాయి. తోలు మెత్తగా ఉండటానికి కారణం అదే.

బాగా తడిసినప్పుడు ఆ నూనెలో కొంత చెదిరిపోతుంది. నీడలో మెల్లగా ఆరితే పోగులు మళ్లీ సర్దుకుంటాయి. అదే ఎండలోనో, హెయిర్ డ్రయ్యర్‌ కిందో, వేడి సైలెన్సర్ మీదో పెట్టి గబగబా ఆరబెడితే పోగులు దగ్గరకు లాక్కుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. తోలు ముడుచుకుని గట్టిపడేది అందుకే. రోజూ పట్టే చెమటలోని ఉప్పు కూడా లోపలే ఉండిపోయి తోలును ఇంకాస్త ఎండగొడుతుంది.

మనం చేసే రెండో పొరపాటు సబ్బు. తోలుది కొద్దిగా ఆమ్ల స్వభావం, పీహెచ్ సుమారు 4 ఉంటుంది. బట్టల సబ్బు, డిటర్జెంట్ పొడి అయితే 9, 10 దాకా ఉండే క్షారాలు. బకెట్‌లో నానబెట్టి ఉతికితే మురికితో పాటు తోలులోని నూనె కూడా పోతుంది.

పాలమూరు బావుల దగ్గర ఎప్పుడో తెలిసిన విద్య

నీళ్లే తోలుకు శత్రువైతే మోట ఒక్క పంటకైనా నిలిచేదా? కరెంటు మోటార్లు రాకముందు మన బావుల మీద మోట తిరిగేది. ఎద్దులు తాడు లాగితే బొక్కెన నిండా నీళ్లు పైకి వచ్చేవి. ఆ నీళ్లను కాలువలోకి వదిలే తొండం తోలుతో చేసిందే. పొద్దస్తమానం నీళ్లలో మునిగి తేలినా అది పని చేసేదంటే, దాని వెనక తోలు పని తెలిసిన మాదిగ వృత్తిదారుల చేతులు ఉండేవి. తోలు శుద్ధి చేయడం, కుట్టడం, నూనె పట్టించడం, చిరిగితే మాసిక వేయడం అన్నీ వాళ్లే చూసుకునేవాళ్లు. ఊరి సేద్యం మొత్తం ఆ పని మీద నిలబడినా, ఆ మనుషులను మాత్రం ఊరు దూరంగానే ఉంచింది.

వాళ్ల ముడిసరుకు కూడా ఇక్కడిదే. బతుకమ్మలో మనం పేర్చే తంగేడు 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పం అయింది. పువ్వు సంగతి అందరికీ తెలుసు, దాని బెరడు సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఆ బెరడులో ఉండే టానిన్‌తోనే పచ్చితోలును కుళ్లిపోకుండా శుద్ధి చేసేవారు. ఇంగ్లిష్‌లో తంగేడుకు 'టానర్స్ కేసియా' అనే పేరు వచ్చింది అందుకే. టానర్ అంటే తోలు శుద్ధి చేసే మనిషి. నల్లమలలో దొరికే కరక్కాయ కూడా ఇదే పనికి వాడేవారు.

వనపర్తి జిల్లాకు పక్కనే, మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలంలో కురుమూర్తి స్వామి జాతర జరుగుతుంది. దీపావళి తర్వాత జరిగే ఆ ఉత్సవాల్లో ముఖ్యమైన రోజు ఉద్దాల రోజు. ఉద్దాలంటే స్వామివారి తోలు పాదుకలు. వడ్డేమాన్‌లో దళిత వృత్తిదారులు నిష్ఠతో వాటిని తయారుచేస్తారు. ఊరేగింపుగా గుడికి తెచ్చిన ఆ పాదుకలను తల మీద పెట్టించుకోవడానికి భక్తులు పోటీపడతారు. తోలు పనిని చిన్నచూపు చూసే లోకంలో ఆ ఒక్క రోజు అదే తోలుకు జనం తల వంచుతారు.

ఈ విద్యకు సైన్స్ గౌరవం తెచ్చినవాళ్లలో మన తెలుగు శాస్త్రవేత్త డాక్టర్ యలవర్తి నాయుడమ్మ ముందుంటారు. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టారు. మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు చాలాకాలం డైరెక్టర్‌గా పనిచేసి దానికి ప్రపంచంలో పేరు తెచ్చారు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో చనిపోయారు.

తాతల చిట్కా గ్లోవ్స్‌కి పనికొస్తుందా?

కిర్రు చెప్పులకు ఆముదం పట్టించడం మన ఊళ్లలో పాత అలవాటు. అది ఆ చెప్పులకు సరైనదే. ఎందుకంటే చెట్ల బెరడుతో శుద్ధి చేసిన మందపాటి తోలు ఎంత నూనెనైనా తాగుతుంది. ఇప్పుడు షాపుల్లో దొరికే గ్లోవ్స్ అలా కాదు. ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన పల్చని మేకతోలు, ఆవుతోలు. వాటికి ఆముదం పట్టిస్తే జిగురుగా మారి దుమ్మంతా అంటుకుంటుంది. కొబ్బరినూనె పూస్తే అక్కడక్కడా నల్లని మరకలు పడతాయి, పైగా యాక్సిలరేటర్ మీద చెయ్యి జారుతుంది. తాతల నుంచి నేర్చుకోవాల్సింది ఏ నూనె అన్నది కాదు. తడిసిన తోలుకు పోయిన నూనె తిరిగి ఇవ్వాలన్నది.

ఇంట్లోనే చేసుకునే పద్ధతి

1. ముందు లేబుల్ చూడండి. గ్లోవ్స్ పైభాగం నున్నగా ఉందా, మఖ్మల్ లాంటి నూగుతో ఉందా? నూగు ఉంటే అది స్వెడ్. దానికి క్రీమ్, మైనం పనికిరావు. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపడం, స్వెడ్ స్ప్రే కొట్టడం వరకే. కింద చెప్పేదంతా నున్నటి తోలుకే.

2. దుమ్ము దులిపి, గ్లోవ్స్ చేతికి తొడుక్కోండి. తడిపి గట్టిగా పిండిన గుడ్డకు కొంచెం శాడిల్ సోప్ రాసి మెల్లగా తుడవండి. శాడిల్ సోప్ అంటే తోలు కోసమే చేసిన సబ్బు, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. తర్వాత మంచినీళ్లతో తడిపి పిండిన మరో గుడ్డతో సబ్బంతా పోయేలా తుడవండి.

3. పిండొద్దు, మెలిపెట్టొద్దు. లోపల లైనింగ్ ఉంటే తిరగేసి లాగొద్దు. వేళ్ల చివర లైనింగ్ ఊడిందంటే మళ్లీ లోపలికి వెళ్లదు. పొడి టవల్‌లో పెట్టి నొక్కితే చాలు, నీళ్లు పీల్చేస్తుంది.

4. నీడలో, ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. లోపల కాగితం ఉండలు పెట్టి, తడిసినప్పుడల్లా మార్చండి. కాస్త తడి ఉండగానే ఒకసారి తొడుక్కుని పిడికిలి మూసి తెరవండి. మీ చేతి ఆకారం మళ్లీ వస్తుంది. పూర్తిగా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, తొందరపడొద్దు.

5. పూర్తిగా ఆరాకే కండిషనర్. శనగగింజంత తీసుకుని వేలితో గుండ్రంగా రుద్దండి. ముందు మణికట్టు లోపలివైపు కొంచెం రాసి రంగు మారుతుందేమో చూడండి. ఒక రాత్రి వదిలేసి, మిగిలింది పొడిగుడ్డతో తుడిచేయండి. ఎక్కువ రాస్తే ఎక్కువ మెత్తబడదు, జిడ్డు మాత్రమే మిగులుతుంది.

వాటర్‌ప్రూఫ్.. ఎంత వరకు?

కండిషనర్ తోలుకు తిండి లాంటిదైతే, వాటర్‌ప్రూఫింగ్ గొడుగు లాంటిది. తేనెమైనం కలిసిన లెదర్ వ్యాక్స్‌ను పల్చగా, చేతి వెనకవైపు, వేళ్ల పైన, ముఖ్యంగా కుట్ల వెంట రాయండి. కొద్దిసేపయ్యాక పొడిగుడ్డతో రుద్దితే మెరుపు వస్తుంది. అరచేతి వైపు రాయకపోవడమే మేలు, అక్కడ మీకు పట్టు కావాలి. స్ప్రే వాడితే ఆరుబయట, గాలి ఆడేచోట కొట్టండి. గది తలుపులు మూసి కొడితే ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

అయితే ఒకటి గుర్తుంచుకోండి. మైనం రాసినంత మాత్రాన మామూలు గ్లోవ్స్ రెయిన్‌కోట్ అయిపోవు. సూది దిగిన ప్రతి రంధ్రం నీటికి ఒక దారే. చినుకులను, చిన్న వానను ఆపుతాయి. గంటసేపు కుండపోతలో బండి నడిపితే తడుస్తాయి. నిజంగా తడవకూడదంటే లోపల వాటర్‌ప్రూఫ్ పొర ఉన్న గ్లోవ్స్ కొనాలి, లేదా లెదర్ గ్లోవ్స్ మీద పల్చని రెయిన్ కవర్ తొడగాలి.

మళ్లీ ఎప్పుడు రాయాలో తెలియాలంటే చిన్న పరీక్ష ఉంది. గ్లోవ్ మీద ఒక్క నీటిచుక్క వేయండి. ముత్యంలా నిలిచి జారిపోతే ఫర్వాలేదు. ఇంకిపోయి మచ్చ పడితే టైమ్ వచ్చిందని అర్థం. మృగశిర కార్తె ముందొకసారి, వానలు వెనకబట్టాక మరోసారి చేసుకుంటే చాలామందికి సరిపోతుంది.

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్‌లో చుట్టొద్దు, సీటు కింద డిక్కీలో వదిలేయొద్దు. గాలి ఆడని తడిలో బూజు పడుతుంది. గుడ్డసంచిలో పెట్టి, కొత్త షూ డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్ ఒకటి వేయండి. బూజు కనిపిస్తే బయటికి తీసుకెళ్లి దులిపి, తుడిచి, నీడలో ఆరబెట్టండి.

ఇంత చేసినా ఎప్పుడో ఒకప్పుడు బొటనవేలి దగ్గర కుట్టు ఊడుతుంది. అప్పుడు ఫెవిక్విక్ వెతకొద్దు. అది గట్టిపడి తోలును ఇంకాస్త చింపుతుంది. గద్వాలలో గానీ వనపర్తిలో గానీ నాగర్‌కర్నూల్‌లో గానీ బస్టాండు దగ్గర గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దమనిషి దగ్గరికి తీసుకెళ్లండి. మైనం పట్టించిన దారంతో నాలుగు కుట్లు వేస్తే పని అయిపోతుంది. ఆయన అడిగినంత ఇచ్చేయండి, బేరం ఆడకండి. రేపు మీ అరచేతిని కాపాడేది ఆ నాలుగు కుట్లే కావచ్చు.