మంచుకొండలలో క్షేత్రగణితము

క్షేత్రగణితము పరీక్షకు దప్ప మఱెందుకును కొఱగాదని మనలో కొంద ఱనుకొందురు. వారికై యొక నిదర్శనమును చూపుచున్నాము.

కారకోరము పర్వతముల కుత్తరముననున్న షక్స్‌గామ్ ప్రాంతము 1937 వఱకును భూపటములలో పెక్కుచోట్ల తెల్లగనే యుండెను. ఆ సంవత్సరమున షిప్టన్, టిల్మన్, స్పెండర్, ఆడెన్ అను నలువురు ఏడుగురు షెర్పాలతో నచటి కేగిరి. త్రోవపొడవునను హిమనదములు, వానిలో అగాధమైన పగుళ్లు. వేసవి ముదిరి మంచు కరగినచో నది పొంగి, తిరుగుదారి మూసికొనిపోవును. గొలుసుపట్టి నేల కొలుచుటకు వీలును లేదు, వ్యవధియు లేదు.

అందుచే ముక్కాలిపీటపై నొక బల్లనుంచి, దానిపై కాగితము పఱచి, శిఖరమును గుఱిచూచి గీత గీయుదురు. వేఱొకచోటికి పోయి మఱల నట్లే చేయుదురు. రెండు గీతలును ఖండించుకొన్న బిందువే యా శిఖరముయొక్క స్థానము. మూడవ గీతయు నచ్చటనే కలిసిన పని సరియైనట్లు.

అయిన మొదట తామున్న చోటు తెలియుటెట్లు? సర్వే శాఖవారు 1856 మొదలుకొని దక్షిణపు కొండలనుండి గుఱిచూచి, కె-2 మున్నగు శిఖరముల స్థానములను నిర్ణయించి యుండిరి. వానినుండి వెనుకకు గీతలు గీచి తమ చోటును తేల్చుకొనవచ్చును. ఇట్లు సుమారు 1,800 చదరపు మైళ్ల ప్రదేశము పటమున కెక్కెను.

కె-2 శిఖరాగ్రముపై మానవుడు కాలుమోపినది 1954లో. త్రిభుజ మంతకు దాదాపు నూఱేండ్లు ముందే యచటికి చేరినది.