స్పేర్‌ పార్టులు దొరకని మహారాణి

తాతగారి నాటి స్కూటరుకి పిస్టన్‌ పాడైతే ఏం చేస్తారు? విజయవాడవాళ్లయితే ఆటోనగర్‌కి వెళ్తారు. హైదరాబాద్‌వాళ్లు సికింద్రాబాద్‌ రాణిగంజ్‌లో గాలిస్తారు. నాలుగు కొట్లు తిరిగితే అయిదో కొట్టాయన అటక మీంచి దుమ్ము దులిపి మరీ తీసిస్తాడు. మరి, పాడైంది 1855లో ఇంగ్లండులో తయారైన రైలింజన్‌ అయితే? ఏ కొట్టుకెళ్లాలి... ఎవర్ని అడగాలి?

'ఫెయిరీ క్వీన్‌'కి వచ్చిన కష్టం అదే.

లీడ్స్‌ నగరంలోని కిట్సన్‌, థాంప్సన్‌ అండ్‌ హెవిట్సన్‌ కంపెనీ ఈ ఇంజన్‌ని తయారుచేసి అదే ఏడాది కలకత్తాకి పంపింది. బరువు 26 టన్నులు. చక్రాలు ఆరున్నా బండిని నడిపేవి మధ్యలోని రెండే. ఒక్కోటీ ఆరడుగుల ఎత్తు! హౌరా నుంచి రాణిగంజ్‌ దాకా (మన రాణిగంజ్‌ కాదు, బెంగాల్‌లోని బొగ్గుగనుల ఊరు) మెయిలు బళ్లను లాగింది. 1857 తిరుగుబాటు రోజుల్లో సైనికుల్ని మోసింది. 1909లో పని మానిపించాక హౌరా స్టేషన్‌ బయట దిమ్మె మీద ఏళ్ల తరబడి బొమ్మలా నిలబడింది. చివరికి ఢిల్లీ రైల్వే మ్యూజియానికి చేరింది. 1997లో మళ్లీ పట్టాలెక్కింది. ఆ మరుసటి ఏడాదే, క్రమం తప్పకుండా నడుస్తున్న ఆవిరి ఇంజన్లలో ప్రపంచంలోకెల్లా పాతదంటూ గిన్నిస్‌ పుస్తకంలోకెక్కింది.

అంతటి రాణిగారి ఒంటి మీద నగల్లాంటి భాగాలు కాస్తా దొంగలపాలయ్యాయి. 2011లో చూసేసరికి చాలా సామాను మాయం. మిగిలినవాటిలోనూ విరగ్గొట్టినవే ఎక్కువ. చెన్నైలోని పెరంబూరు లోకో వర్క్‌షాపుకి తరలించారు.

కొందామంటే తయారుచేసిన కంపెనీ 1938లోనే మూతపడింది. మనదేశంలో చిత్తరంజన్‌ కర్మాగారం ఆవిరి ఇంజన్ల తయారీని 1972లో ఆపేసింది. ఆపకపోయినా లాభం లేదు, ఇలాంటి ఇంజన్‌ అక్కడ ఎన్నడూ తయారుకాలేదు. ఒకే ఒక్క తోడబుట్టింది ఉంది... అదే కంపెనీలో అదే ఏడాది పుట్టిన 'ఈఐఆర్‌-21'. మన రాణిగారి నంబరు 22. ఆ అక్కగారు ఏళ్ల తరబడి జమాల్‌పూర్‌ వర్క్‌షాపులో ప్రదర్శనకే పరిమితమై, 2010లో పెరంబూరులోనే ప్రాణం పోసుకుంది. అయితే అక్క ఒంటి మీది నగలొలిచి చెల్లికి పెడితే ఒక చరిత్రను బతికించడానికి ఇంకో చరిత్రను చంపినట్టే!

ఇక మిగిలింది ఒకటే దారి. లేనివాటిని కొత్తగా చేసుకోవడం.

వినడానికి తేలికే. పోతపోసే భాగానికి ముందు చెక్కతో నమూనా చేయాలి. కరిగిన పోత ఇనుము చల్లారేటప్పుడు దాదాపు నూటికి ఒక వంతు కుంచించుకుపోతుంది. కాబట్టి చెక్క నమూనా ఆ మేరకు పెద్దదిగా ఉండాలి. పోతపోశాక లేత్‌ మీద చెక్కేయాల్సిన మందం దానికి అదనం. అసలు భాగమే లేనప్పుడు కొలతెక్కడిది? దానికి ఆనుకుని ఉండే భాగాల్ని బట్టి లెక్కగట్టాలి. బోల్టు పోతే అది దూరే కంతే సాక్ష్యం. ఆ మరలతోనూ తంటానే. ఆనాటి ఇంగ్లండులో వాడుకలోకొచ్చిన విట్‌వర్త్‌ మర కోణం 55 డిగ్రీలు. ఇప్పుడు హార్డ్‌వేర్‌ షాపులో దొరికే మెట్రిక్‌ బోల్టుది 60. బలవంతాన బిగిస్తే పాత మర కూడా పాడవుతుంది.

బాయిలర్‌ దగ్గర మాత్రం 'సర్దుకుపోదాం' అన్న మాటే కుదరదు. ఆవిరి పట్టించే ముందు చల్లని నీళ్లు నింపి ఒత్తిడి పెంచి చూస్తారు. నీళ్లయితే ఎక్కడైనా కారితే కారతాయి. అదే ఆవిరితో బాయిలర్‌ పగిలితే చుట్టుపక్కల మనిషి మిగలడు.

ఇన్ని కొత్త భాగాలు వేశాక అది పాత ఇంజనెలా అవుతుందని కొందరి వాదన. నడిచే ఇంజన్‌కి అరుగుదల తప్పదు. పనిచేసిన రోజుల్లో మాత్రం మార్చకుండా ఉన్నారా? అసలు జాగ్రత్త పడాల్సింది తీసేసిన పాత ముక్కల విషయంలో. విరిగినా సరే, తుక్కు కింద పారేయకూడదు. రేపు మళ్లీ ఆ భాగం చేయాలంటే కొలతలు దొరికేది వాటిలోనే.

పెరంబూరు పనివాళ్లు చాలా భాగాల్ని మొదట్నుంచీ చేసుకొచ్చారు. 2012 డిసెంబరులో ఫెయిరీ క్వీన్‌ మళ్లీ కూతపెట్టింది. మధ్యలో అయిదేళ్ల విరామం. ఢిల్లీ నుంచి ఆళ్వార్‌ 143 కిలోమీటర్లు. రాణిగారి గరిష్ఠ వేగం గంటకు నలభై!