వైద్య సేవకుల అలసటను కొలవడం ఎలా?

ఒక రాత్రి నిద్రతో తీరే అలసట వేరు, సెలవు గడిచినా తీరని అలసట వేరు. చంద్రపూర్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలోనూ నర్సులుగా, ఆశా కార్యకర్తలుగా, వార్డు సహాయకులుగా పనిచేసేవారున్నారు. ఈ రెండవ రకపు అలసటను గుర్తించడం వారికీ, వారి సేవ పొందే రోగులకూ అవసరం.

దీనినే 'బర్నౌట్' అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని వ్యాధిగా కాక, పనిచేసే చోట దీర్ఘకాలం అదుపు కాని ఒత్తిడి ఫలితంగా నిర్వచించింది.

జ్వరాన్ని కొలిచినట్లు దీనిని కొలిచే పరికరం లేదు, ప్రశ్నావళియే సాధనం. క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో ప్రకటించిన ప్రశ్నావళి సుప్రసిద్ధం. సేవారంగంలోని వారికి ఉద్దేశించిన దాని రూపంలో 22 వాక్యాలున్నాయి. ఒక్కొక్క భావన ఎంత తరచుగా కలుగుతున్నదో సున్నా నుండి 6 వరకు అంకెలతో తెలుపవలెను. 'ఎన్నడూ లేదు' అంటే సున్నా. 'ప్రతిదినం' అంటే 6.

వీటిలో 9 వాక్యాలు మానసికంగా ఎంత అలసిపోయారో, 5 రోగుల పట్ల ఎంత ముభావంగా మారారో, 8 తన పని సార్థకమన్న భావన ఎంత మిగిలిందో తెలుపుతాయి. మొదటి రెండింటిలో ఎక్కువ, మూడవదానిలో తక్కువ మార్కులు రావడం బర్నౌట్‌కు సూచన. ఈ మూడింటిని కలిపి ఒకే మొత్తంగా చెప్పరాదు. మిక్కిలి అలసిన నర్సుకు సైతం తన పనిపై గౌరవం చెక్కుచెదరకుండా ఉండవచ్చును. ఆమెకు కావలసినది విశ్రాంతి, మందలింపు కాదు.

2005లో వెలువడిన కోపెన్‌హాగెన్ ప్రశ్నావళిలో 19 ప్రశ్నలున్నాయి. అలసట వ్యక్తిగతమా, పని వలనా, సేవ పొందేవారితో వ్యవహరించుట వలనా అని అది విడదీసి చూపుతుంది.

కొలతకు విలువ రావాలంటే జవాబులు నిజమైనవి కావలెను. పై అధికారి ఎదుట, పేరు వ్రాసి ఇచ్చే జవాబులో భయం కలుస్తుంది. సరిగా రాని భాషలో అడిగిన ప్రశ్నకు జవాబు తప్పవచ్చును. మరాఠీలో గానీ హిందీలో గానీ ఉన్న ప్రశ్న అర్థం కానప్పుడు వివరణ కోరడానికి సంకోచించనక్కరలేదు.

ఒక వార్డులో అందరి మార్కులూ ఇదే విధంగా ఉంటే, లోపాన్ని వ్యక్తులలో కాక డ్యూటీ వేళలలో, సిబ్బంది సంఖ్యలో, సెలవులలో వెదకవలెను. కొలిచి ఊరకుండుట కొలవకపోవుటతో సమానం.

మనసు కుంగినప్పుడు 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ సేవ ఉచితం. రేయింబవళ్ళు, తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో లభిస్తుంది.